తిరగేసిన మర

ఆ వానాకాలం మా వంటింట్లో సగం వంటే జరిగింది. మిగతా సగం తమ్ముడి కాఫీ యంత్రం కిందికి పోయింది.

వాడు పనిచేసే కాఫీ షాపువాళ్ళు, పోటీలయ్యేదాకా ఇంట్లో సాధన చేసుకోమని పాత యంత్రం ఒకటి ఇచ్చారు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి పొయ్యి పక్కన గట్టు మీద దింపారు. చూస్తే నా భార్యకి కూరలు తరుక్కోడానికి జానెడు జాగా మిగిలింది. ఆవిడ ఆ జానెడు వైపు చూసింది, యంత్రం వైపు చూసింది, నా వైపు చూసింది. ఈ ఇంట్లో ఇంతకంటే పెద్ద శాల్తీలతోనే సర్దుకున్నాను, పది వారాలకి ఇదెంత అంది.

పోటీ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. కాఫీలో కూడా పోటీ ఏమిట్రా అని అడిగితే తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు. పదిహేను నిమిషాల సమయం. బల్లకి అవతల నలుగురు జడ్జీలు కూర్చుంటారు. వాళ్ళకి నాలుగు ఎస్ప్రెస్సోలు, పాలు కలిపినవి నాలుగు, పోటీదారు తన బుర్రలోంచి పుట్టించిన పానీయం ఏదో అది నాలుగు ఇవ్వాలి. ఇంకో ఇద్దరు జడ్జీలు చేతిలో అట్టలు పట్టుకుని వెనక తిరుగుతూ, పొడి ఎంత ఒలికింది, గుడ్డ ఎక్కడ పెట్టాడు, గిన్నె తుడిచాడా లేదా అని రాసుకుంటూ ఉంటారు. ఇదంతా చేస్తూనే నోరు ఆపకుండా మాట్లాడాలి. గింజ ఎక్కడిది, రుచి ఎలా ఉంటుంది, తనకీ కాఫీకీ ఏం సంబంధం, అన్నీ చెప్పాలి. చెంపకి చిన్న మైకు అంటిస్తారు. చేతులు ఒక పని చేస్తుంటే నోరు ఇంకో పని చెయ్యాలన్నమాట. నా భార్య ఇదంతా విని, నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది అదే, బహుమతి మాత్రం ఎవరూ ఇవ్వలేదు అంది.

సాయంత్రాలు నేను దుకాణం కట్టేసి వచ్చేసరికి వాడు ఏప్రాన్ కట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. నేనూ నా భార్యా ఇద్దరు జడ్జీలం. ఇంకో రెండు ఖాళీ కుర్చీలు మిగతా ఇద్దరు. గోడ గడియారం చూసి, మొదలుపెట్టు అంటే మొదలుపెట్టేవాడు. మొదటి వారం నాకు అన్నీ చేదుగానే ఉన్నాయి. రెండో వారానికి పులుపు తెలిసింది. నా భార్య నాలుక నాకంటే చురుకైంది. ఒకరోజు వాడు చెప్పకుండా గింజ మార్చాడు. ఆవిడ ఒక చుక్క తాగి, నిన్నటిది కాదు ఇది, నిన్నటిదే బాగుంది అంది. తమ్ముడు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, ముందు నా సూదులు ఇచ్చెయ్ అంది.

సూదుల సంగతేమిటంటే, మరలో ఆడిన కాఫీపొడి గిన్నెలో పోశాక ఉండలు కడుతుంది. సన్నటి సూదులతో దాన్ని గుండ్రంగా కెలికి విడదీస్తే నీళ్ళు అంతటా సమంగా దిగుతాయట. దానికోసం వాడు మా ఇంట్లో కుట్టుసూదుల డబ్బా ఖాళీ చేసి, ఒక సీసా బిరడాకి ఏడు సూదులు గుచ్చుకున్నాడు. బజారులో దొరికే దానికంటే ఇదే చేతికి బాగుందన్నాడు. నా చొక్కా గుండీ ఊడితే ఆవిడ ఆ బిరడాలోంచే ఒకటి పీక్కుని కుట్టి, మళ్ళీ గుచ్చేది.

పొడిని కెలికాక నొక్కాలి. నొక్కేదాన్ని టాంపర్ అంటారు. కింద ఇత్తడి బిళ్ళ, పైన చేతికి చెక్క పిడి, రెండూ మర చుట్లతో ఒకదానికొకటి బిగుస్తాయి. తమ్ముడు వాడేది నేను చేసిందే.

నాది చెక్క పని. లేత్ మీద కుర్చీ కాళ్ళు, మెట్లకి కమ్మీలు, పనిముట్లకి పిడులు తీస్తాను. రెండేళ్ళ కిందట, వాడు కాఫీ షాపులో చేరిన కొత్తలో, అక్కడి ఇనుప టాంపర్‌తో మణికట్టు నొప్పని రోజూ వేణ్ణీళ్ళ కాపడం పెట్టించుకునేవాడు. వాడికి మూడేళ్ళప్పుడు నాన్న పోయాడు. అప్పటినుంచి వాడికి ఎక్కడ నొప్పన్నా అది నా దగ్గరికే వచ్చేది. నాన్న పనిబల్ల లోంచి ఒక ముక్క కోశాను. పిండిముద్ద ఒకటి వాడి చేతిలో పెట్టి పిడికిలి బిగించమని, ఆ ముద్దని చూసుకుంటూ పిడి తీశాను.

అందరూ పొడిని నొక్కాక చెయ్యి కాస్త కుడికి తిప్పి తీస్తారు. మావాడిది ఎడమచేతి వాటం. వాడు ఎడమకి తిప్పుతాడు. మామూలు మర అయితే ఆ తిప్పుడుకి రోజూ ఇంతింత చొప్పున వదులవుతుంది. అందుకని ఇత్తడి పనివాడి దగ్గర కూర్చుని మర తిరగేసి కోయించాను. వాడు ఎన్నిసార్లు తిప్పితే అంత బిగుస్తుందే గాని వదలదు. ఈ సంగతి వాడికి చెప్పలేదు. చెప్పేంత గొప్ప సంగతిగా అనిపించలేదు.

ఇంకో అలవాటుంది నాకు. నాన్న దగ్గర నేర్చుకున్నది. ఏ వస్తువైనా బిగించే ముందు, ఎవరికీ కనపడని చోట పెన్సిలుతో తేదీ వేస్తాను. బాగుచెయ్యడానికి మళ్ళీ విప్పితే, కింద ఆ రోజు తేదీ వేస్తాను. ఎవరికోసం అని అడిగితే జవాబు లేదు. ఇంకో పనివాడు ఎప్పుడైనా విప్పితే ఇది ఎవరో చేశారని తెలుస్తుంది, అంతే. ఆ టాంపర్ అడుగున, ఇత్తడి బిళ్ళ కప్పిన చోట, రెండేళ్ళ కిందటి తేదీ ఒకటి ఉంది.

సాధనలో తమ్ముడు ఆ టాంపర్ చేతిలోకి తీసుకున్నప్పుడు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఇది మా నాన్న పనిబల్ల చెక్క. మా అన్నయ్య నా చేతికి కొలిచి చేశాడు. వీళ్ళిద్దరి పనీ నా చేతిలో ఉంది." ఆ మాటలు వచ్చినప్పుడల్లా నేను కప్పులోకి చూసేవాణ్ణి. నా భార్య నా మోచేతిని పొడిచేది.

కాఫీ షాపులో వాడికి శిక్షణ ఇచ్చే మనిషి ఒకప్పుడు ఈ పోటీ గెలిచినవాడట. వాడు అతన్ని కోచ్ అనేవాడు. నీ మాటలు బాగున్నాయని కోచ్ అన్నాడా అని అడిగితే, ఆఁ అనేవాడు. ఇంకాస్త గుండెల్లోంచి రావాలంటున్నాడు అని ఒకసారి అన్నాడు. గుండెల్లోంచి కాక ఇంకెక్కణ్ణించి వస్తున్నాయో నాకు తెలియలేదు.

మొదటి రౌండు రోజు వాన. ఇంటివాళ్ళని లోపలికి రానివ్వరు, మీకెందుకు శ్రమ అని తమ్ముడు ముందే చెప్పాడు. పొద్దున్నే వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి నా భార్య గట్టు తుడుస్తూ, ఏమండీ, సూదులు మర్చిపోయాడండీ అంది. బిరడా యంత్రం వెనక పడి ఉంది.

నేను అప్పుడే తీసిన దుకాణం తలుపు మళ్ళీ వేసి, బిరడాని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, తడుస్తూ పోటీ జరిగే హాలు వెతుక్కుంటూ పోయాను. గుమ్మంలో ఒక అమ్మాయి సూదులు తీసుకుని లోపలికి పంపించింది. నన్ను చూసి, తడిసిపోయారు, కూర్చోండి, సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి అంది. ఇంటివాళ్ళని రానివ్వరటగా అన్నాను. ఎవరన్నారు అంది. మూడో వరసలో కూర్చోబెట్టింది.

తమ్ముడు బాగా చేశాడు. వాడి చేతులు చూస్తుంటే నాకు గర్వంగా ఉంది. సూదులతో పొడి కెలికి, గిన్నె అంచు బొటనవేలితో తుడిచి, టాంపర్ తీసుకున్నాడు.

"ఇది మా నాన్న పనిబల్ల చెక్క," అన్నాడు.

నా పెదవులు వాడితో పాటే కదులుతున్నాయి. తర్వాతి మాట వాడు అనలేదు. ఆగాడు. హాలంతటికీ యంత్రం బుస ఒక్కటే వినిపించింది. టాంపర్‌ని పైకెత్తాడు.

"మా అన్నయ్య ఆఖరుగా చేసిన వస్తువు ఇది. పోయిన చలికాలం ఆయన మాకు లేకుండా పోయారు. ఇప్పుడు మా వదినని నేనే చూసుకుంటున్నాను. పొడి మీద దీన్ని ఆనించినప్పుడల్లా ఆయన చెయ్యి నా చేతి మీద ఉన్నట్టుంటుంది."

ముందు నాకు అర్థం కాలేదు. మాకు ఇంకో అన్నయ్య ఉన్నాడా అని ఒక్క క్షణం నిజంగానే వెతుక్కున్నాను.

జడ్జీల్లో తల నెరిసిన పెద్దావిడ పెన్ను కింద పెట్టి కళ్ళద్దాలు తీసింది. నా పక్కన కూర్చున్న ఆయన, పాపం అన్నాడు. నేనూ పాపం అన్నాను. చిన్న వయసే అయ్యుంటుంది అన్నాడాయన. నలభై నాలుగు అన్నాను. మీకు తెలుసా అని అడిగాడు. తెలుసండీ, దగ్గరవాళ్ళమే అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. పరాయి మనిషి అంత ప్రేమగా నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. తమ్ముడు మూడు రకాలూ అందించి చెయ్యెత్తి ముగించేలోపు, నేను కుర్చీల మధ్యనించి వంగి బయటికి వచ్చేశాను.

సాయంత్రం వాడు చిన్నపిల్లాడిలా గెంతుకుంటూ వచ్చాడు. ఫైనల్‌కి ఆరుగురిని తీసుకున్నారు, వాడు రెండో స్థానంలో ఉన్నాడు. నాన్న బల్ల గురించి చెప్పగానే జడ్జీలు కదిలిపోయారన్నయ్యా అన్నాడు. నా కళ్ళలోకి చూసే అన్నాడు. తర్వాత, సూదులు గుమ్మంలో ఇచ్చి వెళ్ళిపోయావా అని అడిగాడు. దుకాణం మూసి వచ్చాను కదరా అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నా నోటినుంచి అలాంటి మాట రావడం నాకే కొత్తగా ఉంది.

నా భార్యకి చెప్పలేదు. ఆవిడ ఆ రోజు వాడికి ఇష్టమైనవే వండింది.

మర్నాడు పొద్దున్న దేవుడి ముందు కూర్చుంటే ప్రార్థన ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు. ఈ ఇంట్లో ముగ్గురినీ చల్లగా చూడు అని రోజూ మొదలుపెడతాను. ఆ రోజు ముగ్గురు అనడానికి నోరు తిరగలేదు. లేనివాడు ఉన్నవాళ్ళ కోసం అడగవచ్చునా? అడిగితే నువ్వు వింటావా? నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. ఆయన్ని ఏదైనా అడగాలంటే నాకు తెలిసిన మాటల్లోనే అడుగుతాను. నేను నీకు ఏం తక్కువ చేశానని అడగలేదు. వాడికి నేను ఏం తక్కువ చేశానో అది మాత్రం చెప్పమన్నాను.

నాలుగో రోజు సంగతి బయటపడింది. ఏప్రాన్ ఉతకడానికి జేబులు వెతికితే నా భార్యకి మడత పెట్టిన కాగితం దొరికింది. సాయంత్రం వాడు వచ్చేసరికి దాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా ఉప్పు సీసా పెట్టి, ఎదురుగా కూర్చుంది. తమ్ముడు హాల్లో చెప్పిన మాటలన్నీ అందులో ఉన్నాయి. పక్కన ఎర్ర సిరాతో కోచ్ రాతలు. 'ఇక్కడ ఆగు. మూడు లెక్కపెట్టు. టాంపర్ ఎత్తు.' పైన తేదీ ఉంది. దాదాపు నలభై రోజుల కిందటిది.

ఆ నలభై రోజులూ వాడు ఇంట్లో మా ముందు ఒకటి వల్లించాడు, షాపులో ఇంకోటి వల్లించాడు. హాల్లో విన్న మాట కంటే ఆ తేదీ నన్ను ఎక్కువ కోసింది. నోరు జారితే జారిందనుకుంటాం. ఇది జారింది కాదు.

"నేనెప్పుడు విధవనయ్యాను చిన్నోడా?" అని అడిగింది నా భార్య. గొంతు పెంచలేదు. "నాకు కబురైనా లేదే."

తమ్ముడు కాగితం వైపు, నా వైపు చూశాడు. నేను ఆ రోజు హాల్లోనే విన్నానని నా మొహం చూశాక తెలిసింది వాడికి.

"అది నిజంగా అన్నట్టు కాదు వదినా. స్టేజి మీద మాట. అక్కడ అందరూ ఏదో ఒకటి చెప్తారు."

"నన్ను నువ్వే చూసుకుంటున్నావట. నిన్న నీ కంచం ఎవరు కడిగారు?"

నేను అడిగాను. "నాన్న బల్ల అంటే సరిపోలేదట్రా?"

"కోచ్ అన్నాడన్నయ్యా. బతికున్నవాడు చేసిచ్చాడంటే అది సామాను, పోయినవాడు చేసిచ్చాడంటే అది కథ అన్నాడు."

"నాన్న పోయాడుగా. ఆయన చేశాడని చెప్పుకోలేకపోయావా?"

వాడు గోటితో గట్టు అంచు గోకాడు. "నాన్న నాకు గుర్తే లేడు," అన్నాడు. "ఆయన గురించి చెప్తే నాకు గొంతు పట్టుకోదు. నువ్వు లేవనుకుంటేనే పట్టుకుంటుంది. ఇంకెవరి గురించి చెప్పినా నాకు ఏడుపు రాదన్నయ్యా."

దానికి ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. నా భార్యకి తెలిసింది. అయితే మీ అన్నయ్యకి దండ వేసి ఫోటో కూడా పట్టుకెళ్ళు, ఇంకా బాగా వస్తుంది అని లేచి, యంత్రం పక్కనున్న తన జానెడు జాగాలో కూరలు తరగడం మొదలుపెట్టింది. ఆ కత్తి చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

వాడు నన్ను కోరింది ఒక్కటే. ఫైనల్ అయ్యేదాకా షాపు వైపు గాని హాలు వైపు గాని రావద్దని. గెలిస్తే పెద్ద పోటీకి పంపుతారు, అక్కడినుంచి వాడి దారే వేరు. ఇప్పుడు కథ మారిస్తే తీసేస్తారు. తర్వాత అన్నీ సర్దుబాటు చేస్తానన్నాడు. చచ్చిపోయినవాణ్ణి ఎలా సర్దుబాటు చేస్తాడో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సరేనన్నాను. రావద్దంటే రానని మాటిచ్చాను గాని, లేనని ఒప్పుకున్నానా అనేది తర్వాత ఆలోచించుకున్నాను.

ఫైనల్‌కి మూడు రోజుల ముందు టాంపర్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వానలకీ ఆవిరికీ చెక్క ఉబ్బి, లోపల మర కోసిన ఇత్తడి గొట్టం దగ్గర జిగురు వదిలింది. నొక్కినప్పుడు సన్నగా ఊగుతోంది. బిళ్ళ విప్పి, గొట్టం లాగి, చెక్క ఆరబెట్టి, కొత్త జిగురుతో కూర్చోబెట్టాను. బిగించే ముందు అడుగున నా పాత తేదీ కనిపించింది. పెన్సిలు తీసుకున్నాను. చెయ్యి ఆగింది. పోయిన చలికాలంలో పోయినవాడు ఈ నెల తేదీ ఎలా వేస్తాడు? వెయ్యకపోతే మాత్రం, ఈ పని ఎవరు చేసినట్టు? దేవుణ్ణి తలుచుకుని, ఎప్పటిలా తేదీ వేసి, బిళ్ళ బిగించేశాను.

ఫైనల్‌కి ముందు రోజు మధ్యాహ్నం తీసుకెళ్ళడానికి వచ్చాడు. బల్ల మీద ఆనించి చూసుకున్నాడు. ఊగడం లేదు. మొహం విప్పారింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"లోపల తేదీ వేశావా?"

"వేశాను."

తల నెరిసిన పెద్ద జడ్జిగారికి ఈ టాంపర్ మీద మనసయిందట. ఫైనల్ అయ్యాక ఒకసారి విప్పి చూపిస్తావా, చేతిపని చూడాలనుంది అని అడిగిందట. వాడు కాదనలేకపోయాడు. "ఆ ఒక్క తేదీ చెరిపెయ్యి అన్నయ్యా. పాతది ఉంచు."

"వెయ్యడం నా పని. చెరపడం నా పని కాదు," అన్నాను. "కావాలంటే నువ్వే విప్పి చెరుపుకో."

వాడు నా మొహం చూసి ఇక అడగలేదు. పిడికి గుడ్డ చుట్టి బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాడు. పానా తీసుకుని ఇత్తడి బిళ్ళకి తగిలించాడు. అందరూ ఎటు తిప్పుతారో అటే, ఎడమకి తిప్పాడు. కదల్లేదు. జిగురు పట్టేసిందనుకున్నాడో ఏమో, కాళ్ళు ఎడంగా పెట్టి ఒళ్ళంతా వంచాడు.

కుడికిరా. ఆ ఒక్క మాటే చెప్పాల్సింది. నాలుక చివర ఉంది. నేను చేతిలో ఉలిని గుడ్డతో తుడుస్తున్నాను. తుడిచిన చోటే తుడుస్తున్నాను.

టప్ మంది.

చెక్క అడుగునుంచి నడిమిదాకా చీలింది. బిళ్ళ మాత్రం రాలేదు. వాడు పానా పక్కన పెట్టి, అన్నయ్యా అన్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఏదైనా పగలగొట్టి నా దగ్గరికి తెచ్చినప్పుడు అదే గొంతుతో అనేవాడు. ఎందుకిలా అయింది అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పని జవాబు కూడా అబద్ధంలోకే వస్తుందా అని చాలా రోజులు నన్ను నేను అడుగుతూ వచ్చాను.

అతికితే ఆరడానికి రోజున్నర పడుతుంది. వాడికి అంత సమయం లేదు. ఇంటికి వెళ్ళి నా భార్య కుట్టుపెట్టెలోంచి గట్టి దారం ఉండ తెచ్చాను. దానికి మైనం పూసి, పగులు మూసుకునేలా పిడి చుట్టూ వరసలుగా బిగించి చుట్టాను. మధ్యలో నా చేతులు నా మాట వింటాయా అనిపించింది. వాటికి ఆ పని తప్ప వేరే తెలియదు, చేసేశాయి. వాడు నొక్కి చూసుకున్నాడు. ఆగుతుంది.

"ఇక దీన్ని విప్పడం ఎవరివల్లా కాదు కదా?" అన్నాడు.

అప్పుడు వాడి మొహం చూశాను. పగిలిందన్న బాధ కంటే ముందు నిశ్చింత కనిపించింది.

ఫైనల్‌ని ఫోనులో నేరుగా చూపించారు. నేను చూడనన్నాను. నా భార్య, నా మీద ఇంకా ఏమేం చెప్తాడో నేను వినాలి అని వంటింట్లో గట్టు మీద ఫోను నిలబెట్టింది. అటూ ఇటూ తిరుగుతూ నేనూ చూశాను. చేతులు ఎక్కడా తడబడలేదు. టాంపర్ తీసుకుని ఆగాడు. ఒకటి, రెండు, మూడు. పైకెత్తి, దారం చుట్టిన చోట వేలితో నిమిరాడు.

"ఈ పగులు చూడండి. మా అన్నయ్య పోయిన రోజున ఇది దానంతటదే వచ్చింది. ఈ దారం మా వదిన చుట్టి ఇచ్చింది."

కోచ్ రాసిచ్చింది కాదు ఇది. కాగితంలో లేదు. వాడు సొంతంగా అల్లుకున్నాడు. పెద్ద జడ్జిగారు ఈసారి కళ్ళద్దాలు తియ్యకుండానే కళ్ళు తుడుచుకుంది.

నా భార్య ఫోను బోర్లా పెట్టింది. "సూదులూ నావే, దారమూ నాదే," అంది. కాసేపటికి వీధిలో ఎవరో వచ్చి మీవాడు గెలిచాడు అని చెప్తే, అవునటండీ అని నవ్వుతూ తలుపు వేసి వచ్చింది.

తమ్ముడు ఆ రోజు రాలేదు. షాపు పైన ఒక గది ఇచ్చారట, పెద్ద పోటీకి అక్కడే సాధన. నేను దుకాణంలో ఉన్న వేళ చూసి వచ్చి బట్టలు పట్టుకెళ్ళాడు. ఇంట్లో నా భార్య ఉంటే ఆవిడ చేతికి ఒక గింజల పొట్లం ఇచ్చి, తల వంచుకుని నిలబడ్డాడట. నిలబడ్డాడా, ఏమన్నాడు అని అడిగాను. ఏమీ అనలేదు, నేనూ అనలేదు అంది. వారం తర్వాత ఆ ఇద్దరు మనుషులే వచ్చి యంత్రాన్ని మోసుకుపోయారు. గట్టు మీద అది ఉన్నంత మేరా నాలుగు పలకల మచ్చ మిగిలింది. ఆవిడ ఎంత తోమినా పోలేదు. జాగా అంతా తిరిగి వచ్చినా కూరలు మాత్రం ఆ జానెడులోనే తరిగేది.

వానలు వెనకపట్టాక ఒకరోజు గట్టు మూల సూదుల బిరడా దొరికింది. బట్టలకి వచ్చినప్పుడు మళ్ళీ మర్చిపోయినట్టున్నాడు. నా భార్యకి చెప్పకుండా జేబులో వేసుకుని షాపుకి వెళ్ళాను. ఫైనల్ అయిపోయింది కాబట్టి ఇచ్చిన మాట తప్పినట్టు కాదు.

లోపల గుమ్మం పక్కనే చిన్న అద్దాల పెట్టె. అందులో దీపం వెలుగులో నా టాంపర్. దారం చుట్టినదే. కింద అట్ట మీద, తమ్ముణ్ణి గెలిపించిన అన్న చివరి పని అని అందంగా రాశారు. నేను వంగి చూస్తుంటే కౌంటరులో అమ్మాయి వచ్చి ఆ కథంతా చెప్పింది. బాగా చెప్పింది, ఆపాల్సిన చోట ఆపింది కూడా. ఆఖర్న, ఇత్తడి నల్లబడిందండీ, విప్పి మెరుగు పెట్టిద్దామని మా కోచ్ ఎన్నిసార్లు ప్రయత్నించినా రావడం లేదు, అతుక్కుపోయింది అంది.

తమ్ముడు యంత్రం దగ్గర ఉన్నాడు. నన్ను చూసి పాలగిన్నె కింద పెట్టాడు. చుట్టూ చూసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఎవరో తెలిసినాయన అన్నట్టు గుమ్మం బయటికి నడిపించాడు. చిక్కిపోయాడు. మణికట్టుకి పట్టీ ఉంది. ఇనుప టాంపర్ వాడుతున్నట్టున్నాడు.

బిరడా ఇచ్చాను. తీసుకున్నాడు. వదిన ఎలా ఉంది అని అడిగాడు. బాగుంది అన్నాను. వెళ్ళబోయి ఆగాను.

"అది అతుక్కుపోలేదురా. కుడికి తిప్పితే వస్తుంది."

"కుడికా?"

"నీది ఎడమచెయ్యి కదా. నీ చేతిలో వదులు కాకుండా మర తిరగేసి కోయించాను. ఆ రోజు నువ్వు పానా పట్టుకున్నప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తప్పు నాది."

వాడు తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. లోపలినుంచి కౌంటరు అమ్మాయి వాణ్ణి పిలిచింది. రెండోసారి పిలిచింది. వాడు కదల్లేదు. నేనే కదిలాను.

ఇది జరిగి మూడు నెలలు. వాడు దాన్ని విప్పాడో లేదో తెలియదు. విప్పితే, ఈ ఏటి తేదీని చెరిపి పెట్టెలో పెట్టాడో, ఎవరి ముందైనా పెట్టాడో తెలియదు. ఎటు తిప్పాలో చెప్పేశాను, ఇక అది వాడి చేతిలో ఉంది. షాపు వైపు మళ్ళీ వెళ్ళలేదు. నా భార్య అడగదు గాని, మెట్ల మీద చప్పుడైతే చేతిలో పని ఆపుతుంది.

పొద్దున్న ప్రార్థన మాత్రం పాతపద్ధతిలోనే ఎత్తుకుంటున్నాను. ఈ ఇంట్లో ముగ్గురినీ చల్లగా చూడు అంటాను. వాళ్ళలో ఎవరు ఉన్నట్టో, ఎవరు పోయినట్టో ఆయనే చూసుకోవాలి.